ట్రంకుపెట్టెలో బొమ్మలు: ఒక అంగన్‌వాడీ టీచరు అనుభవ పాఠాలు

నార్కట్‌పల్లి అంటే బయటివాళ్లకు హైవే మీద ఒక బస్టాండు, కామినేని ఆస్పత్రి, అద్దంకి రోడ్డు చీలే చోటు. మాకు మాత్రం ముందు గుర్తొచ్చేది చెరువుగట్టు రామలింగేశ్వరుడి జాతర. ఈ చుట్టుపక్కల పల్లెల్లో, నడుమ కొంతకాలం దేవరకొండ వైపు తండాల్లో, అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి దిగిపోయాను. నా కొలువంతా మూడేండ్ల నుంచి ఆరేండ్ల లోపు పిల్లల నడుమే గడిచింది. కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "అక్కా, ఏం జేస్తే పిల్లలు కుదురుగా కూసుంటరు?" అని అడుగుతారు. వాళ్లకు విడివిడిగా చెప్పిన మాటలే ఇవి. వరుసకు పెద్ద అర్థమేమీ లేదు, తోచిన క్రమంలో రాస్తున్నాను.

1. పిల్లలు కుదురుగా కూర్చున్నారంటే చదువు నడుస్తున్నట్టు కాదు.

నేను చేరిన కొత్తలో పెద్దబడిని చూసి వాతలు పెట్టుకున్నాను. చాప మీద వరుసలు, చేతులు కట్టుకోవడం, నోటి మీద వేలు. తనిఖీకి వచ్చినవాళ్లు గడపలో నిలబడి చూసి, "బాగుంది, డిసిప్లిన్ ఉంది" అని రాసి పోయేవారు. ఆ మాట కోసం పిల్లలను అలాగే కూర్చోబెట్టేదాన్ని.

దీనికి కారణం నా ఒక్కదాని తెలివితక్కువతనమే కాదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, పూర్వ ప్రాథమిక విద్య, ఇలా ఆరు పనులు అంగన్‌వాడీ నెత్తిన పెట్టారు. మొదటి ఐదింటికి లెక్క ఉంటుంది. ఎన్ని గుడ్లు, ఎన్ని టీకాలు, ఎన్ని కిలోల బరువు అని రిజిస్టరులో రాయవచ్చు. ఒక పిల్ల ఇవాళ కొత్తగా ఏం అడిగిందో రాయడానికి గడి లేదు. గడి లేని పని మెల్లగా వెనక్కి పోతుంది. పిల్లలు నోరు మూసుకొని కూర్చుంటే నాకు రిజిస్టర్లు రాసుకొనే తీరిక దొరికేది, అసలు సంగతి అది.

తర్వాత ఎవరో ఇస్తే గిజుభాయి బధేకా రాసిన 'పగటి కల' చదివాను. 1920లో భావ్‌నగర్‌లో పసిపిల్లలకు బాలమందిరం పెట్టిన మనిషి ఆయన. పిల్లలు ఆయనను మీసాల అమ్మ అని పిలిచేవారట. ఆ పుస్తకంలో టీచరు నాలుగో తరగతి పిల్లలతో మొదటిరోజే మౌనం పాటించే ఆట ఆడించబోయి చిత్తుగా ఓడిపోతాడు. మర్నాడు కథ ఎత్తుకుంటాడు, అల్లరంతా సద్దుమణుగుతుంది. కథ నేనూ చెప్పగలను, మా అవ్వ దగ్గర విన్నవి బోలెడున్నాయి. మర్నాటి నుంచి చాపల వరుస తీసేశాను.

2. కొత్తగా దాచిన బొమ్మ కంటే ఆడి విరిగిన బొమ్మ నయం.

సెంటరుకు ఒకసారి ప్రీస్కూల్ కిట్ వచ్చింది. రంగుల రింగులు, చెక్క దిమ్మలు, దారానికి గుచ్చే పూసలు, చేతికి తొడుక్కొనే గుడ్డ బొమ్మలు. స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారు. ఒక్క పూస తగ్గినా జవాబు చెప్పాలి కదా అని అన్నిటినీ ఇనుప ట్రంకుపెట్టెలో సర్ది తాళం వేశాను. తనిఖీ ఉన్న రోజు బయటికి తీయడం, జీపు పోగానే లోపల పెట్టడం.

పిల్లలకు ఆ పెట్టెలో ఏముందో తెలుసు. మూతకు ఒక మూల సొట్ట ఉండేది. ఆ సందులోంచి పసుపు రింగు కొంచెం కనిపించేది. ఒక చిన్న పిల్ల రోజూ అన్నం తిన్నాక చేతులు కడుక్కొని, లంగాకు తుడుచుకొని, నేల మీద బోర్లా పడుకొని ఒక కన్ను మూసి ఆ సందులో చూసేది. ఎవరైనా పిలిస్తే లేచిపోయేది. అడగడం మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడగకూడదని నా మొహం చూసే నేర్చుకుందేమో. నాకు బదిలీ అయినప్పుడు పెట్టె తెరిస్తే గుడ్డ బొమ్మలను ఎలుకలు కొరికేశాయి, మిగతావన్నీ కొత్తవే. "అన్నీ సరిగా ఉన్నవి" అని రాసి తర్వాతి టీచరుకు అప్పగించాను. ఆ పిల్ల అప్పటికే ఒకటో తరగతికి వెళ్లిపోయింది.

బొమ్మలు ఎందుకు విరగలేదని ఆ రోజుల్లో ఏ అధికారీ అడగలేదు. ఇప్పుడు అధికారులుగా ఉన్నవాళ్లు ఈ పేజీ చదివితే, అడగమని మనవి.

కొనే బొమ్మలే కావాలని కూడా లేదు. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డి గ్రామంలో పనిచేస్తూ, పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల ముంగిళ్లకు తీసుకుపోయింది. అంగన్‌వాడీ అన్న ఆలోచన అక్కడిదే. తర్వాత కోస్బాడ్ కొండల్లో ఆమె, అనుతాయి వాఘ్ కలిసి వార్లీ గిరిజన పిల్లలకు గులకరాళ్లు, గింజలు, ఆకులు, గవ్వలతోనే పాఠాలు నడిపారు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతినే తీసుకున్నారు గానీ ఖరీదైన చెక్క సామాను జోలికి పోలేదు.

మన ప్రాంతానికి తాటిచెట్టు ఉంది. రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి పంగలకర్రతో తోస్తే బండి. ఎండిన జొన్నబెండు, తుమ్మముల్లు ఉంటే ఎడ్లబండి. మక్కబెండ్లు, చింతగింజలు, సీతాఫలం గింజలు, కచ్చకాయలు, ఏ ఇంటిని అడిగినా దోసెడు ఇస్తారు. ఒక హెచ్చరిక. మూడేండ్ల పిల్లలకు గింజలు ఇచ్చి పక్కకు పోవద్దు. ఒకడు చింతగింజను ముక్కులో దూర్చుకుంటే ఆస్పత్రి దాకా పరుగెత్తాను. చిన్నవాళ్లకు బెండ్లు, బుర్రలు చాలు. గింజలు ఐదేండ్ల వాళ్లకు, అదీ కళ్లెదుట.

3. మూడేండ్ల చేతికి బలపం బరువు.

"టీచరమ్మా, ఆరు నెలలాయె, మా పిలగానికి ఒక్క అక్షరం రాలే. పక్కింటి పోరడు ఏ బీ సీ డీలు గడగడ సదువుతుండు." ఈ మాట నేను విన్నన్ని సార్లు నా పేరు కూడా విని ఉండను. ఆ ఒత్తిడికి తలొగ్గి పలకలు పంచాను. మూడేండ్ల పిల్ల బలపాన్ని వేళ్లతో పట్టుకోదు, పిడికిలితో పట్టుకుంటుంది. గట్టిగా రుద్దుతుంది, బలపం విరుగుతుంది, ముక్క నోట్లో పెట్టుకుంటుంది. అప్పుడు మనం వెనక కూర్చొని ఆ పిడికిలిని మన చేతిలో బిగించి 'అ' దిద్దిస్తాం. పలక మీద అక్షరం పడుతుంది, అది పిల్ల రాసింది కాదు. తల్లికి చూపించి మెప్పు పొందేది మనం.

మన పాత వీధిబడుల్లో ఇసుక పరిచి వేలితో దిద్దించేవారు. అక్షరం వంపు వేలికి ముందు తెలిశాక పలక దగ్గరికి పోయేవారు. ఇప్పటికీ అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి దిద్దిస్తాం కదా, అదే తోవ. మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు చేసి వేలితో తడిమించింది కూడా ఇందుకే. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. వందలమంది టీచర్లకు తర్ఫీదు ఇచ్చింది. అయితే ఇసుక ఒక్కటి చూసి వీధిబడిని ఆకాశానికెత్తే పెద్దమనుషులు కొందరున్నారు. ఆ బడిలోనే పిల్లవాడిని తాడుకు వేలాడదీసే కోదండం శిక్ష కూడా ఉండేదని వాళ్లు చెప్పరు.

నన్ను ఇప్పటికీ బాధించేది ఎడమచేతి వాటం పిల్లగాడు. బలపం ఎడమ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నేను కుడి చేతిలోకి మార్చేదాన్ని. ఇంట్లో వాళ్ల నాయనమ్మ కూడా అదే పని చేసేది. కొన్నాళ్లకు వాడు ఎడమ చేతిని తొడ కింద పెట్టుకొని కూర్చోవడం మొదలుపెట్టాడు. గీతలు గీయడం మానేశాడు, అంతకుముందు గోడంతా గీసేవాడు. కుడి చేత్తో తినడం, ఇవ్వడం ఇంటి మర్యాద, మెల్లగా చెప్పుకోవచ్చు. ఏ చేత్తో రాయాలన్నది మర్యాదకు సంబంధించింది కాదు, వాడి మెదడు అమరిక అది. మార్చే హక్కు నాకు లేదు.

4. ఊరి పండుగే పిల్లల మొదటి పుస్తకం.

బతుకమ్మకు ముందు, భాద్రపదంలో వచ్చే బొడ్డెమ్మ మన ఆడపిల్లల పండుగ. ఒక ఏడు దాన్ని సెంటరు ముందే ఆడిద్దామనుకున్నాం. చెరువు నుంచి ఎర్రమట్టి తెప్పించి కుప్ప పోశాం. పీట మీద అంతస్తులుగా మట్టి పేర్చాలి. అడుగు వెడల్పు, పైకి పోనుపోను సన్నం. ఐదేండ్ల వాళ్లు మట్టి పిసికారు, నాలుగేండ్ల వాళ్లు నీళ్లు మోశారు, మూడేండ్ల వాళ్లు తమ మీదే పూసుకున్నారు. నీళ్లు ఎక్కువైతే మట్టి జారిపోయింది. ఎందుకు జారిందని వాళ్లే వాదులాడుకొని పొడి మట్టి తెచ్చి కలిపారు. పై అంతస్తు కింది దానికంటే వెడల్పుగా పెట్టబోతే కూలింది, మళ్లీ పెట్టారు. నేను ఒక్క మాట చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడం నా కొలువులో నేర్చుకున్న కష్టమైన పని.

తర్వాత పూలు. తంగేడు, గునుగు, బంతి, కట్ల. తంగేడు పసుపుది ఒక కుప్ప, గునుగు తెల్లది ఒక కుప్ప. "గిదాంట్ల ఎక్కువున్నయ్" అని ఒకడు, కాదని ఇంకొకతె, రెండు కుప్పలను జత జతగా పేర్చి తేల్చుకున్నారు. రంగులు, ఆకారాలు, లెక్క, పెద్దది చిన్నది, ముందు వెనక, పుస్తకంలో అధ్యాయాలుగా ఉన్నదంతా ఆ మట్టికుప్ప దగ్గర జరిగిపోయింది. మగపిల్లలు ఆడవచ్చా అని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పాడు. పిల్లలు ఆయన మాట వినిపించుకోలేదు, నేనూ వినిపించుకోలేదు.

పీర్ల పండుగ ముగిశాక మా పిల్లలు చీపురుపుల్లలకు రంగు గుడ్డలు కట్టి పీర్లెత్తుకొని గుండం చుట్టూ ఆడేవారు. అందులో హిందువుల పిల్లలే ఎక్కువ. చెరువుగట్టు జాతర అయిన వారమంతా సెంటరులో దుకాణాలే. మట్టి మిఠాయిలు, ఆకుల నోట్లు, బేరాలు. పిల్లలు తాము చూసిన ప్రపంచాన్ని ఆటగా మళ్లీ కట్టుకుంటారు. అది ఆపి 'ఇప్పుడు పాఠం' అనడం వంటి అన్యాయం మరొకటి లేదు.

ఇప్పుడు చాలా బడుల్లో పండుగ సెలబ్రేషన్ జరుపుతున్నారు. అద్దెకు తెచ్చిన పట్టుబట్టలు, ప్లాస్టిక్ పూలు, స్పీకరులో పాట, ఫొటో, వాట్సాప్. పిల్లలు రెండు గంటలు ఎండలో నిలబడి నీరసపడతారు. దానిలో సంస్కృతీ లేదు, పిల్లలూ లేరు.

5. మన ఆచారాల్లోనూ తాలు ఉంటుంది, చేటలో చెరిగి తీసుకోవాలి.

స్థానిక సంస్కృతి, విలువలు అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు సాధారణంగా ఈ పాఠాన్ని దాటేస్తారు. నేను దాటలేను.

మన ఊళ్లలో కులం, మతం చూడకుండా అందరినీ వరుసలు పెట్టి పిలుస్తాం. కాకా, మామ, చిన్నమ్మ, అత్త. మూడేండ్ల పిల్లకు ఊరంతా చుట్టాలే. ఇంతకంటే మంచి విలువ ఏ పుస్తకంలో ఉంటుంది? అయితే నోరారా అత్తా అని పిలిచిన ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగని ఇండ్లూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఒక ఊళ్లో మా ఆయా దళితురాలు. వంట ఆమెదే. కొన్ని ఇండ్ల పిల్లలు సరిగ్గా అన్నం వేళకు మాయమయ్యేవారు. "మా పిల్లకు మీ అన్నం పడదమ్మా" అని తల్లులు. గుడ్డు మాత్రం తీసుకుపోయేవారు, పెంకు ఉంటుంది కదా, అంటు అంటదని కాబోలు.

ఉపన్యాసం ఇచ్చి లాభం లేదని నాకు తెలుసు. రోజూ పిల్లల వరుసలో కింద కూర్చొని ఆయా వడ్డించిందే తినడం మొదలుపెట్టాను. ఆయా చేసిన చింతాకు పప్పు రుచి గురించి బజారులో అందరికీ చెప్పేదాన్ని. నెలనెలా తల్లుల మీటింగు అన్నం వేళకు పెట్టాను. ఆకలేసిన పిల్లలకు వాసన పని చేసింది, తల్లులకు మొహమాటం పని చేసింది. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అందరూ రాలేదు. ఒక ఇంటివాళ్లు పిల్లను మాన్పించి వ్యాను ఎక్కించి టౌనులో ప్రైవేటు బడికి పంపారు. గెలిచానని చెప్పను, సగం గెలిచాను.

ఆడ, మగ తేడా కూడా మూడేండ్లకే వచ్చేస్తుంది. బొమ్మరిల్లు ఆటలో ఒకడు "గిన్నెలు కడుగుడు ఆడోళ్ల పని" అని కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు. ఇంట్లో చూసింది ఆడుతున్నాడు, వాడిని తిట్టి ఏం లాభం? ఆ రోజు నుంచి ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కోవాలని పెట్టాం. కొద్దిరోజులకు వాడే అందరికంటే మెరిసేలా కడిగేవాడు. వాళ్ల నాయన వచ్చి చూసి నవ్వాడు, కోపగించుకోలేదు.

6. పిల్ల ఇంటి మాట మాట్లాడితే దిద్దవద్దు.

చందంపేట వైపు తండాలో నాకు తెలుగు తప్ప ఇంకేమీ రాదు, పిల్లలకు లంబాడీల గోర్ బోలీ తప్ప ఇంకేమీ రాదు. నేను పాటలు పాడుతుంటే వాళ్లు గోడకు ఆనుకొని నన్నే చూసేవారు. మొద్దు పిల్లలని ఇంటికి ఉత్తరం కూడా రాశాను. చివరికి తండాలోని ఒక ముసలమ్మను బతిమాలి కూర్చోబెట్టుకున్నాను. అమ్మను యాడి అంటారని, నీళ్లను పాణి అంటారని ఆమె చెప్పగా నేను పలికితే పిల్లలు విరగబడి నవ్వారు. టీచరుకు కూడా తప్పులు వస్తాయని తెలిసిన రోజు నుంచి వాళ్లు నాతో మాట్లాడారు. ఆ తర్వాత తెలుగు వాళ్లకు దానంతటదే అంటుకుంది.

ఇటీవల హైవే పొడుగునా ఇటుకబట్టీలకు ఒడిశా నుంచి కూలీలు వస్తున్నారు. దీపావళి దాటాక వచ్చి ఎండాకాలం చివర్లో పోతారు. వాళ్ల పిల్లల ఇంటి మాటా వేరే, పైగా ఏ రిజిస్టరులోనూ వాళ్లకు ఊరు లేదు. స్థానికత అంటే పుట్టినవాళ్ల ఊరు మాత్రమే అనుకుంటే ఈ పిల్లలు గడప బయటే ఉండిపోతారు.

ఇంటి మాట కాని భాషలో చదువు మనకు కొత్త కాదు. మా నాన్న నిజాం కాలంలో ఉర్దూలో చదివారు. అర్థం కాని పాఠాన్ని వల్లెవేసి దెబ్బలు తప్పించుకున్నామని చెప్పేవారు. 1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. పిల్లలకు మొదటి చదువు తల్లి నుడిలో కావాలన్నది ఆ మహాసభల ప్రధాన కోరికల్లో ఒకటి. ఆ తాతల మునిమనవలు ఇవాళ మూడేండ్లకే ఇంగ్లీషులో అర్థం కాని పాఠం వల్లిస్తున్నారు. 2022-23 నుంచి రాష్ట్రంలో సర్కారు బడులూ ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పట్టాయి. ఇంగ్లీషు వద్దనే ధైర్యం నాకు లేదు, కూలీ చేసే తల్లి ఇంగ్లీషు అడిగితే ఆమెకు నీతులు చెప్పే అర్హతా లేదు. ఆరేండ్ల దాకా ఆగమంటాను, అంతే. ఇంటి మాటలో నోరు తిరిగిన పిల్ల ఏ భాషనైనా పట్టుకుంటుంది.

7. కథ చెప్పి నీతి అడగవద్దు.

ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఎండని చేప దగ్గర మొదలై చీమ దాకా నడిచేది ఒక్క 'ఎందుకు' మీదే. పిల్లలకు ప్రశ్న అడగడం నేర్పే కథ అది. నేను మాత్రం అది చెప్పి, "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగేదాన్ని. ఒకసారి ఒక పిల్ల జవాబు చెప్పకుండా, "చీమ తప్పేం లేదు టీచర్, దాని ఇంట్ల చెయ్యి పెడితె కుట్టదా?" అంది. నీతి మాట మళ్లీ ఎత్తలేదు.

8. కడుపు నిండని పిల్లకు ఏ పద్ధతీ పనిచేయదు.

ఆటపాటల గురించి ఎంత చెప్పినా పదకొండు గంటలకు పిల్ల కళ్లు తేలేస్తే అన్నీ వ్యర్థం. తల్లిదండ్రులు పొద్దున్నే కూలికి పోతారు, పిల్ల చాయలో బిస్కెట్టు ముంచుకొని తిని వస్తుంది. అందుకే గుడ్డు, పప్పు, అన్నం నా దృష్టిలో పాఠం కంటే ముందు. మూడేండ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం పాకెట్టు ఇంట్లో అందరూ పంచుకు తింటారని కొత్త టీచర్లు విసుక్కుంటారు. ఆకలి ఉన్న ఇంట్లో పొట్లం మీద పేరు రాసి పెట్టలేం. ఇంటికి వెళ్లి చంటిదానికి ఎంత కలపాలో చూపించి రావడమే మార్గం.

నీళ్ల సంగతి మన నల్లగొండ జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు చేటు చేస్తుంది. పాలపళ్లు ఊడి వచ్చే కొత్త పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యేది ఈ వయసులోనే. నా పాత పిల్లలు ఎందరో నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచాక కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. ఇప్పటి సెంటర్లలో పిల్లలు తాగేది ఏ కుళాయి నీళ్లో టీచరే చూసుకోవాలి. పైపు పగిలిన రోజు మళ్లీ బోరు నీళ్లే పడతాయి.

9. ముసలివాళ్లను బడిలోకి పిలవండి.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తల్లిదండ్రులు వలసపోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. ఆ పిల్లలను పెంచేవాళ్లు రోజంతా అరుగు మీద ఖాళీగా కూర్చుంటారు, మేము సెంటరులో ఒక్కరమే ఇరవై మందితో తంటాలు పడతాం. ఈ రెండింటినీ కలపాలని తోచడానికి ఆలస్యమైంది. ఒక తాత తాటాకుతో గిరకలు అల్లి ఇచ్చేవాడు. ఒక అవ్వ వనగుంతల పీట తెచ్చి చింతగింజలతో ఆడించేది. గుంతకు ఎన్ని గింజలు వేయాలో లెక్క తప్పితే పిల్లలే ఆమెను పట్టుకునేవారు. సద్దరొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పెట్టిన రోజు హాజరు నూటికి నూరు.

ఫోను గురించి ఒక మాట. ముసలివాళ్లు కూడా ఇప్పుడు పిల్ల ఏడిస్తే ఫోను చేతికిస్తున్నారు. రెండేండ్ల నుంచి నాలుగేండ్ల వాళ్లకు రోజుకు గంట దాటవద్దని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేండ్ల లోపు వాళ్లకు అసలు అలవాటే చేయకండి.

10. తల్లిదండ్రులకు జవాబు చెప్పలేని టీచరు పిల్లలను కాపాడలేదు.

"ఆడుకుంటనే ఉంటరు, సదువెప్పుడు జెప్తవు?" అని అడిగినప్పుడు నేను తడబడి పలకలు బయటికి తీశాను. ఆ తడబాటే నా తప్పులన్నిటికీ మూలం. ఈనాటి టీచర్లకు ఆ ఇబ్బంది ఉండకూడదు, చేతిలో కాగితాలు ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టి, ఆటపాటల ద్వారా నేర్పాలంది. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంది. ఆ దశకు 2022లో జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది, అందులో స్థానిక ఆటలు, కథలు, బొమ్మలకు పెద్దపీట వేశారు. ఇవి ప్రింటు తీసి సెంటరు గోడకు అంటించండి. అడిగినవాళ్లకు చదివి వినిపించండి.

సర్కారు వైపు లోటు కూడా చెప్పాలి. ఉచిత నిర్బంధ విద్యాహక్కు ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల వారికే ఉంది. ఆరేండ్ల లోపు పిల్లల చదువు రాజ్యాంగం 45వ అధికరణంలో రాజ్యం ప్రయత్నించాల్సిన పనిగా ఉంది, పిల్లల హక్కుగా లేదు. అందుకే అంగన్‌వాడీకి సొంత గది అడిగితే వచ్చే ఏడు చూద్దామంటారు, టీచరుకు జీతం పెంచమంటే గౌరవ వేతనం అంటారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై పల్లెల్లో బాల్‌వాడీలకు చేయూతనిచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన తెలుగింటి ఆడబిడ్డే. ఇన్నేండ్ల తర్వాత కూడా చిన్నపిల్లల బడిని దయగానే చూస్తున్నాం.

ఈ జూన్‌లో మీ పిల్లనో, మనవరాలినో ఎక్కడో ఒకచోట చేర్పిస్తారు. అంగన్‌వాడీయా, ప్రైవేటా అన్నది మీ ఇష్టం. ఫీజు కట్టే ముందు, పేరు రాయించే ముందు ఒక పొద్దుటిపూట ఆ గదిలో గంటసేపు మూలన కూర్చోండి. బొమ్మలు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయా, బీరువా మీద ఉన్నాయా చూడండి. గంటలో ఎక్కువసేపు మాట్లాడింది పిల్లలా, టీచరా చూసుకోండి. టీచరు ఒక్కతే మాట్లాడుతుంటే మాత్రం పిల్లను తీసుకొని ఇంటికి వచ్చేయండి.